ఫ్రిజ్‌లో రాణి

జిప్పులావిడ ఆ ఇంట్లో అడుగుపెట్టి ఎనిమిది నెలలు. వీధిలో అందరూ ఆమెని అలాగే పిలిచేవారు మరి. ఊళ్ళో చెడిపోయిన జిప్పులన్నీ ఆమె కుట్టుమిషన్ దగ్గరకే వచ్చేవి. చలికాలమైతే కోట్లు గుట్టలు పడేవి. ఎంత మొండి జిప్పునైనా రెండు నిమిషాల్లో దారికి తెచ్చే మనిషి, పదకొండేళ్ళ పిల్ల నోటి నుంచి ఒక్క పిలుపు రప్పించుకోలేకపోయింది.

పిల్లకి తల్లి పోయి రెండేళ్ళు. తండ్రి లిఫ్టులు బాగుచేస్తాడు. మంచివాడే, కానీ ఇంట్లో ఏం జరుగుతోందో పట్టని బాపతు. పిల్ల ఈమెని పిన్ని అనదు, ఆంటీ అనదు, అసలేమీ అనదు. ఆకలేస్తే, ఈమె ఎదురుగా నిలబడి ఉన్నా సరే, "నాన్నా, అన్నం పెట్టమను" అంటుంది. ఆ "పెట్టమను" విన్నప్పుడల్లా ఈమె వంటింట్లో గిన్నెల మీద కోపం తీర్చుకునేది.

పిల్లకి చీమల పిచ్చి. తండ్రి "చీమలమ్మా" అని ఏడిపించేవాడు. సామాన్ల గదిలో నల్లగుడ్డ కప్పిన ప్లాస్టిక్ డబ్బాలో చీమలు పెంచుతోంది. దాన్నెవరూ ముట్టుకోకూడదు. మనకెందుకొచ్చిన గొడవ అని ఈమె అటు తొంగి కూడా చూడలేదు.

ఒక ఆదివారం, నోట్లోంచి పొగలొచ్చే చలిలో, పిల్ల బయటి నుంచి పరిగెత్తుకొచ్చింది. పార్కులో పుచ్చిపోయిన దుంగ తిరగేస్తే దొరికిందట, గాజు గొట్టంలో పెట్టి తెచ్చింది. గొట్టం అడుగున నీళ్ళు, మధ్యలో దూది, దూదికి ఇవతల నిగనిగలాడే పసుపుపచ్చ రాణి చీమ. తండ్రి డ్యూటీలో ఉన్నాడు. చూపించడానికి ఇంకెవరూ లేరు. అంతే, మిషన్ దగ్గరకొచ్చి "పిన్నీ, చూడు!" అనేసింది.

అబ్బ, ఆ క్షణం! జిప్పులావిడ కాలు పెడల్ మీదే ఆగిపోయింది. "ఏదీ, ఏదమ్మా?" అంటూ కళ్ళద్దాలు సర్దుకుంది.

"ఇది మామూలు రాణి కాదు. సొంతంగా పిల్లల్ని పెంచలేదు. అందుకని వేరే చీమల ఇంట్లో దూరుతుంది. ముందు ఒక చీమని పట్టుకుని దాని వాసన ఒంటికి పులుముకుంటుంది. తర్వాత లోపలికెళ్ళి వాళ్ళ అమ్మని చంపేస్తుంది. పాపం, అవేమో ఇదే మా అమ్మ అనుకుని దీనికే తిండి పెడతాయి. చలికాలమంతా ఫ్రిజ్‌లో నిద్రపుచ్చి, ఎండలొచ్చాక నేను..."

"ఇస్త్రీపెట్టె కాలుతోంది" అని ఈమె చటుక్కున లేచి వెళ్ళిపోయింది. ఇస్త్రీపెట్టెకి ప్లగ్గే పెట్టలేదు.

ఎంత మాట! వంటిల్లు పోయినావిడది, మంచం పోయినావిడది, ఆఖరికి ఒంటిమీది ఉన్ని శాలువా కూడా పోయినావిడదే. దాన్ని విప్పి, మడిచి, బీరువా అడుగున పెట్టేసి, ఆ చలికాలం వణుకుతూనే గడిపింది. మొగుడితో ఒక్క ముక్క చెప్పలేదు. గొట్టం మాత్రం ఫ్రిజ్ తలుపులో, గుడ్ల పక్కన ఉండేది. పాల కోసం తీసినప్పుడల్లా అది తన్నే చూస్తున్నట్టుండేది.

ఇంకో నెలలో చలి తగ్గుతుందనగా, ఒకరోజు ఫ్రిజ్ తుడుద్దామని అన్నీ బయటపెట్టింది. గొట్టాన్ని మిషన్ మీద, వేడి దీపం కింద పెట్టింది. తుడవడం అయింది, గుడ్లు లోపలికెళ్ళాయి, పాలు వెళ్ళాయి. గొట్టం వెళ్ళలేదు. రాణి కదిలింది. నిలబడింది. అటూ ఇటూ తిరిగింది, దూదిని తడిమింది, గాజు ఎక్కబోయి జారింది. ఇదంతా జిప్పులావిడ చూస్తూనే కోటు కుట్టింది. మధ్యాహ్నానికి రాణి కాళ్ళు ముడుచుకుంది. అప్పుడు గబగబా తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టింది, ఏం లాభం!

బడి నుంచి వచ్చిన పిల్ల ఫ్రిజ్ తీసి, గొట్టం వెలుతురుకి పట్టి చూసి, ఊపి చూసింది. "కరెంటు పోయిందా?" అంది.

అవునంటే సరిపోయేది. కానీ నోరు రాలేదు. "నేనే బయటపెట్టాను. మర్చిపోయి కాదు. ఆరోజు నువ్వు నన్నే అన్నావనుకున్నాను."

పిల్లకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడవలేదు కూడా. సామాన్ల గదిలోకెళ్ళి డబ్బా తెచ్చి బల్లమీద పెట్టి నల్లగుడ్డ తీసింది.

"వీటికి అమ్మ లేదు. చలి మొదలవ్వకముందే పోయింది. అమ్మ లేకపోతే కొత్తవి పుట్టవు, ఉన్నవి ఒక్కొక్కటే అయిపోతాయి. అందుకే దీన్ని ఎన్ని దుంగలు తిరగేసి వెతికానో! ఇక్కడైతే ఇది ఎవర్నీ చంపక్కర్లేదు. అదే చెప్పబోయాను. నువ్వు సగంలో లేచి వెళ్ళిపోయావు."

జిప్పులావిడ డబ్బా మీదికి వంగింది. "తల్లీ, పొరపాటైపోయింది. ఇంకోటి వెతుకుదాం, నేనూ వస్తాను" అంది. పిల్ల విననట్టే దూది లాగి, చచ్చిన రాణిని డబ్బాలోకి జార్చింది.

వెచ్చటి గదిలో చీమలు మెల్లగా మేలుకున్నాయి. ఒకటి వచ్చి మీసాలతో తడిమింది. ఇంకో రెండొచ్చాయి. ఒక్కటీ కరవలేదు. పసుపుపచ్చ ఒంటిని నాకి నాకి, నాలుగైదు కలిసి కాలు పట్టుకుని, జాగ్రత్తగా డబ్బా లోపలి అరలోకి ఈడ్చుకుపోయాయి.

"ఒప్పుకునేవే" అంది పిల్ల. అప్పుడు ఏడ్చింది. జిప్పులావిడ చెయ్యి చాపింది గానీ, ఆ భుజం పక్కకి జరిగిపోయింది.

సాయంత్రం తండ్రి వచ్చి బూట్లు విప్పుకుంటున్నాడు. జిప్పులావిడ కంచం చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలోనే ఉంది. పిల్ల ఆమెని దాటుకుని వెళ్ళి తండ్రి పక్కన కూర్చుంది.

"నాన్నా, అన్నం పెట్టమను."