పంతొమ్మిదో అంగుళం

టేపు కొస కాలువ అడుగును తాకేదాకా టైలరత్త మోకాళ్ల మీదే ఉంది. కాలువ అంచుకు సరిగ్గా టేపు మీద గుండుసూది గుచ్చి పైకి తీసింది. పంతొమ్మిది అంగుళాలు. ఉండాల్సింది ఇరవై నాలుగు.

"మూడుచోట్లా అంతేనా అత్తయ్యా?" అంది గొడుగు పట్టుకున్న కోడలు.

"అంతే. దొంగపని కూడా కొలిచి చేశాడు కాంట్రాక్టరు మహానుభావుడు."

కోడలు చెయ్యి అందించి లేపింది. "రాత్రంతా ఎడమ చెయ్యి నొక్కుకుంటూనే ఉన్నారు. ముందు డాక్టరు దగ్గరికి పోదాం."

"మీటింగయ్యాక పోదాంలే."

ఆమె ఇరవయ్యేళ్లు బట్టలు కుట్టింది. తర్వాత ఇరవై రెండేళ్లుగా వార్డు సభ్యురాలు. మొదటిసారి తొమ్మిది ఓట్లతో గెలిస్తే పొరపాటున గెలిచిందన్నారు. ఆ పొరపాటు ఇంకో నాలుగుసార్లు జరిగింది. వార్డుకు ఆరు కుళాయిలు తెచ్చింది. ఆపిన తప్పుడు పనులు అంతకంటే ఎక్కువ.

పోయిన వానాకాలం ఆ వీధిలో నలభై ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అందుకే ఈ కాలువ. సభలో అందరూ ఒప్పుకుంటే పని పూర్తయినట్టే, కాంట్రాక్టరు మళ్లీ పార పట్టనక్కర్లేదు. ఒక్కరు అభ్యంతరం రాయించినా పైనుంచి మనుషులొచ్చి కొలవాలి.

సభలో చైర్మన్ కాగితం చదివాడు. "కాలువ పని పూర్తి. ఏకగ్రీవం అని రాసుకో" అన్నాడు గుమాస్తాతో.

"రాయకు" అంది టైలరత్త.

"అభ్యంతరం నిలబడి చెప్పాలి అత్తా. రూలు మీకు తెలియందేముంది?"

ఆమె మోకాళ్ల సంగతి అతనికి తెలుసు. రెండు చేతులూ బల్లకు ఆనించి ఆమె లేచింది. లేవడానికి సమయం పట్టింది. వెనక ఎవరో దగ్గారు. టేపు తీసి బల్ల మీద పరిచింది.

"ఐదు అంగుళాలు తక్కువ."

"గుడ్డ టేపు కదా, సాగి ఉంటుంది. దానికీ మీలాగే వయసైపోయింది." ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"సాగింది నిజమే. పొద్దున మీ ఇంజనీరు గదిలో ఇనుప స్కేలు పక్కన పెట్టి చూశాను. పావంగుళం తేడా. ఆ పావు మీకే వదిలేశాను. మిగతా నాలుగు ముప్పావు తవ్వించండి."

చైర్మన్ కాగితం పక్కన పెట్టాడు.

"ఒక్కరి కోసం పనంతా ఆపమంటారా?"

"నలభై ఇళ్లు. లెక్క మీకు రాకపోతే నేను చెబుతాను." గుమాస్తా వైపు తిరిగింది. "రాయి నాయనా."

గుమాస్తా చైర్మన్ వైపు చూశాడు. చైర్మన్ గడియారం వైపు చూశాడు.

"మీరు కూర్చోండి, తర్వాత రాస్తాడు."

"రాసేదాకా కూర్చోను. నాకేం తొందర లేదు."

ఫ్యాను తిరుగుతోంది. బల్ల అంచు మీద ఆమె వేళ్లు తెల్లబడ్డాయి. పావుగంటకు చైర్మన్ చెయ్యి ఊపాడు. గుమాస్తా రాశాడు. ఆమె వంగి చదివింది.

"కొలత ఏదీ?"

అతను కొలత కూడా రాశాడు. ఆమె సంతకం చేసి కూర్చుంది. గుమ్మం దగ్గరున్న కోడలిని మంచినీళ్లు అడిగింది.

కోడలు గ్లాసు తెచ్చేసరికి ఆమె తల కుర్చీ వెనక్కి వాలి ఉంది. చైర్మన్ లేచి నిలబడ్డాడు. తర్వాత అందరూ లేచారు.

పదో రోజున పై ఆఫీసు నుంచి ఇద్దరొచ్చి కాలువ ఫైలు అడిగారు. గుమాస్తా తెచ్చి విప్పాడు. కాగితాల మధ్య టేపు మడతపెట్టి ఉంది. గుండుసూది పంతొమ్మిది దగ్గరే ఉంది.