చర్చల బల్ల మీది తెల్లగుడ్డ

చర్చలు జరిగిన ప్రతి రోజూ, సాయంత్రం నాలుగింటికి బల్ల మీది తెల్లగుడ్డ కింది అంతస్తుకి దిగేది. అక్కడ ఉతికే గదిలో సబ్బక్క దాన్ని తొట్టి అంచున పరిచి మరకలు చూసుకునేది. ఆ గుడ్డ దగ్గర అబద్ధమాడితే మరక పడుతుంది. మనవాళ్లదైతే సిరా రంగు, అవతలి దేశం వాళ్లదైతే తుప్పు రంగు. సిరాకి పాలు, తుప్పుకి నిమ్మచెక్క. ఆవిడకి కావలసింది అంతే.

గుడ్డ మార్చేస్తే పోదా అంటే, అది మొదటి శాంతి ఒప్పందం నాటిది. కొత్తది ఎవరి మిల్లులో నేయించాలో తేలక పదకొండేళ్లయింది.

ఆ రోజు తుప్పుమరక పళ్లెమంత ఉంది.

"ఏం వాగారు మరిదీ ఇవాళ?"

పైన పెద్దమనుషులకి మంచినీళ్లందించేది ఆ మరిదే. "మా జైళ్లలో మీ జాలరి ఒక్కడంటే ఒక్కడు లేడన్నాడు వదినా వాళ్ల మంత్రి. గుండె మీద చెయ్యేసుకుని మరీ."

సబ్బక్క నిమ్మచెక్క పక్కన పెట్టేసింది. రెండేళ్ల కిందట వేటకెళ్లిన ఆవిడ కొడుకు పడవతో సహా మునిగిపోయాడని సర్కారు కాగితమిచ్చింది.

"మరి మన మంత్రి ముందు ఇంత సిరా ఏంటి?"

"మీవాళ్లూ మా దగ్గర లేరు, అసలు మావాళ్లెవరూ తప్పిపోలేదు అన్నాడు. ఆ పైన ఇద్దరూ కావలించుకున్నారు."

"సిగ్గు లేదూ!"

"ఉంటే మంత్రులెందుకవుతారు? అయినా వదినా, అక్కడున్నది మనవాడేనని..."

"ఎవరో ఒకరున్నారుగా!"

ఆవిడ గుడ్డని ఉతకలేదు. శుభ్రంగా గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, మరకలు పైకొచ్చేలా మడిచి పంపింది. పొద్దున్నే ఫొటోల వాళ్ల ముందు బల్ల మీద పరిచాక గానీ అధికారికి తెలియలేదు. పరుగున కిందికొచ్చాడు.

"ఉతకలేదేమమ్మా?"

"ఎంత రుద్దినా పోలేదండీ."

ఆ మాట పైదాకా పాకినట్టు, పైన గుడ్డ అంచున, ఎవరి కుర్చీ ముందూ కాని చోట, సబ్బునీళ్ల రంగులో ఆవగింజంత చుక్క పడింది.

ఆ సాయంత్రం మన టీవీలు గుడ్డలో తుప్పు సగమే చూపించాయి, అవతలి టీవీలు సిరా సగమే. చూశారా వాళ్ల బొంకు, మనవాళ్లని దాచేశారు అని రెండు వైపులా ఒకటే గోల. ఎదుటివాణ్ణి రచ్చకీడ్చే ఆత్రంలో, తమవాళ్లు బతికే ఉన్నారని ఎవరికి వారే చాటుకున్నారు. మర్నాటికి రెండు రాజధానుల్లోనూ జాలర్ల తల్లులు గేట్లు పట్టుకు కూర్చున్నారు. ఇక ఎవరూ లేరనడం మంత్రుల వల్ల కాలేదు. పదో రోజున ఇటునుంచి పదమూడు మంది, అటునుంచి తొమ్మిది మంది సరిహద్దు దాటారు. కేవలం మానవతా దృష్టితో విడిచిపెట్టామని ఇద్దరు మంత్రులూ బల్ల దగ్గర నిలబడి చెప్పారు. గుడ్డ కిందికి వచ్చేసరికి అందులో తెల్లటి చోటు వెతుక్కోవలసి వచ్చింది.

సబ్బక్క కొడుకు తొట్టి పక్కన కూర్చుని ఉన్నాడు. చొక్కాలో సగమే ఉన్నాడు.

"ఇంకో మూలనుంచి నేను పిండనా అమ్మా?"

"ముందు తిను."

మరిది తలుపు దగ్గర నిలబడ్డాడు. "తొందరగా కానీ వదినా. రేపు మళ్లీ చర్చలు."

"దేని మీదట?"

"ఈ గుడ్డని పాడుచేసిందెవరన్న దాని మీద."

సబ్బక్క పాలు పోసింది, నిమ్మచెక్క రుద్దింది. అంచున ఉన్న ఆవగింజంత చుక్కని మాత్రం ముట్టుకోలేదు.