మూడో అడ్మిషన్

మా కాలేజీ డైరెక్టర్ రాజమోహన్ గారిని మనసులో తిట్టుకోని రోజు లేదు నాకు. ముఖం మీద తిట్టింది మాత్రం ఒక్కసారే. అదెలా జరిగిందో చెబుతాను.

నా పేరు షీరీన్. మాది ఉదయగిరి. ఆత్మకూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బీబీఏ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. చదువుతున్నాను అనడం కూడా ఎక్కువే. మూడేళ్లుగా పొద్దున్నే బస్సెక్కి పోవడం, సాయంత్రం దాకా కూర్చోవడం, మళ్లీ బస్సెక్కడం, ఇదీ నా చదువు. సిలబస్ చూస్తే కళ్లు తిరుగుతాయి. మేనేజ్‌మెంట్ సూత్రాలు, మార్కెటింగ్, హెచ్.ఆర్., బిజినెస్ లా, స్టాటిస్టిక్స్. వీటిలో చాలావాటికి ఉన్నది ఒక్క సారు. ఆయన గైడు తెరిచి చదువుతాడు, మేము గీతలు గీసుకుంటాం. స్టాటిస్టిక్స్‌కు ఎవరూ రానేలేదు. బిజినెస్ లా మేడమ్ రెండు నెలలకే మానేసింది. ఆ పుస్తకం బస్సులో నాకు నేనే చదువుకున్నాను.

ఆఖరి సెమిస్టర్లో ఇంటర్న్‌షిప్ ఉంటుంది. ఏదో ఒక కంపెనీలో చేరి పని నేర్చుకోవాలి. నేను నెల్లూరులో ఒక బట్టల షోరూమ్‌లో అడిగి ఒప్పించుకున్నాను కూడా. రాజమోహన్ గారు కుదరదన్నాడు. మన కాలేజీకి మించిన కంపెనీ ఏముందమ్మా అన్నాడు. ఊళ్లు తిరిగి తలా ముగ్గురు పిల్లల్ని చేర్పిస్తే అదే మార్కెటింగ్ అట, అప్పుడు సంతకం పెడతాడట. చేర్పించడమంటే వాళ్ల ఇంటర్ మార్కుల లిస్టు, టీసీ ఒరిజినల్స్ తెచ్చి ఆఫీసులో ఇవ్వాలి. అవి ఒకసారి ఆ బీరువాలోకి పోతే ఆ పిల్లలు ఇంకెక్కడా చేరలేరు. ఆయన సంతకం లేకపోతే నా డిగ్రీ పూర్తి కాదు. పీక మీద కత్తి పెట్టి దానికి ఇంటర్న్‌షిప్ అని పేరు పెట్టాడు ఆ మనిషి.

నేను తెచ్చిన మొదటి అడ్మిషన్ ఎవరిదో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. మా ఖాలా, అంటే పిన్ని కూతురు నగ్మా, నాకు చెల్లెలు. మా వీధే. లెక్కలంటే దానికి ప్రాణం. కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ ఉందా ఆపా అని అడిగింది. ఉంది అన్నాను. నిజంగానే ఉంది, మూడేళ్లుగా తాళం వేసి ఉంది. స్టాటిస్టిక్స్ బాగా చెబుతారా అంది. చాలా బాగా చెబుతారు అన్నాను. మర్నాడే కాగితాలన్నీ కవర్లో పెట్టి నా చేతికిచ్చింది.

రెండో అడ్మిషన్ ఎవరో కుర్రాడు. తనంతట తనే వచ్చి చేరుతుంటే క్లర్కును బతిమాలి నా పేరు మీద రాయించుకున్నాను. మూడో దాని కోసం ఎండలో పడి వరికుంటపాడు దగ్గర ఒక పల్లెకు పోయాను. షేర్ ఆటో దిగి, పాంప్లెట్లు పట్టుకుని, ఇంటర్ పాసైన పిల్లలు ఎవరింట్లో ఉన్నారని అడుగుతూ పోతే లిదియమ్మ ఇల్లు చూపించారు. ఆమె కూలికి పోయే మనిషి. ఆ పూట వసారాలో కూర్చుని కందులు చెరుగుతోంది. కూతురు సుజన గడప దగ్గర నిలబడింది. నేను మొదలుపెట్టాను. సబ్జెక్టుల పేర్లన్నీ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాను. లిదియమ్మ చేట పక్కన పెట్టి ఒక్క ముక్క పోనీకుండా విన్నది.

"అయ్యన్నీ పేర్లు గదా పాపా" అంది చివరికి. "మూడేళ్లు పొయినావు గదా. ఆడ నువ్వు నేర్చుకునింది ఏందో ఒకటి చెప్పు."

ఎగతాళికి అడగలేదు. కూతుర్ని పంపాలా వద్దా అని తేల్చుకోవడానికి అడిగింది. ఆ కాలేజీలో నేను నేర్చుకున్నది ఆ క్షణాన ఆమె వసారాలో నేను చేస్తున్న పనే. లేనిదాన్ని ఉందని చెప్పడం. ఒళ్లు మండిపోయింది నాకు. చేర్పించొద్దమ్మా, అక్కడ చెప్పేవాళ్లు లేరు అనేశాను. లిదియమ్మ కోప్పడలేదు. చల్లటి నీళ్లు ఇచ్చింది. ఇంత ఎండలో మరెందుకు తిరుగుతున్నావని మాత్రం అడిగింది.

తిరిగి వస్తుంటే ఒకటే ఆలోచన. ముక్కూ ముఖం తెలియని మనిషికి నిజం చెప్పాను, మా చెల్లెలికి అబద్ధం చెప్పాను. ఇంటికి కూడా పోకుండా నేరుగా నగ్మా దగ్గరికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పేశాను. నా కాగితాలు నాకు తెచ్చియ్యి అంది, అంతే.

మర్నాడు ఇద్దరం రాజమోహన్ గారి గదిలో నిలబడ్డాం. ఆయన ముందు నవ్వాడు. కాగితాలు వెరిఫికేషన్‌కు యూనివర్సిటీకి పోయాయన్నాడు. బీరువాలోనే ఉన్నాయని క్లర్కు చెప్పాడన్నాను. అప్పుడు నవ్వు ఆగింది. చేరాక మానేయడానికి ఇదేమన్నా సినిమా హాలా అన్నాడు.

"అబద్ధం చెప్పి ఒప్పిస్తే ఆ ఒప్పందం చెల్లదనొచ్చు సార్, మోసపోయిన మనిషి" అన్నాను. "బిజినెస్ లాలో ఉండాది. అబద్ధం చెప్పింది నేనే. చెప్పినానని సంతకం పెట్టి రాసిస్తాను. ఎవురికి రాయమంటారు?"

ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. సొరుగు లాగి నా ఇంటర్న్‌షిప్ రికార్డు తీసి బల్ల మీద పడేశాడు. రెండే పేజీలు, నా పేరు, కింద ఆయన సంతకానికి ఖాళీ.

"నీ సంతకమా, దాని టీసీనా? ఒకటే ఇస్తా. ఏది కావాల?"

మూడేళ్ల బస్సు, మూడేళ్ల గీతలు, అన్నీ ఆ ఖాళీలో ఉన్నాయి. వదులుకుంటే ఇంకో ఏడాది పోతుంది. రికార్డును ఆయన వైపే తోసేశాను.

"మూడేళ్లలో మీరు మాకు ఒక్క పాఠం చెప్పించలేదు సార్. సాటి మనిషిని ఎట్ల ముంచాలో ఒక్కటే నేర్పినారు. అది నాకు బాగా వచ్చినాది. మా చెల్లెల్నే ముంచినాను. సిగ్గులేని బతుకు నాకొద్దు, మీరే పెట్టుకోండి. దాని కాయితాలు ఇయ్యండి."

ఆయన ముఖం కందగడ్డలా అయింది. క్లర్కును పిలిచి బీరువా తీయించాడు. నా రికార్డు మళ్లీ సొరుగులోకి పోయింది.

ఆత్మకూరు బస్టాండులో కూర్చుని నగ్మా కవర్లోవన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకుంది. మార్కుల లిస్టు, టీసీ, స్టడీ సర్టిఫికెట్. ఒక మంచి మాట అంటుందేమోనని ఎదురు చూశాను. ఏడాది పోగొట్టుకున్నదాన్ని, ఆశ పడ్డాను.

"ఆ సారు నాకెవురు ఆపా?" అంది తల ఎత్తకుండానే. "ఆయన మాట నేనెందుకు నమ్ముతా? నిన్ను నమ్మి ఇచ్చినాను."

ఉదయగిరి బస్సు వచ్చింది. నగ్మా ముందెక్కి కిటికీ దగ్గర కూర్చుంది. పక్క సీట్లో తన బ్యాగు పెట్టుకుంది. నేను ఉదయగిరి దాకా నిలబడే వచ్చాను.