రంగు పేరు చెప్పొద్దు

కాగులో నీళ్లు మరిగే ముందు, గొంతు సవరించుకున్నట్టు ఒక గురగుర వినిపిస్తుంది. అది చెవిన పడగానే రాజమల్లు పొయ్యిలోంచి ఒక మొద్దును వెనక్కి లాగాడు. వెదురు బద్దకు వేలాడుతున్న నూలు చుట్టల చిలపలను ఎర్రని నీళ్లలోకి దించి, టేకు కర్రను కాగు అడుగుదాకా పోనిచ్చి నిదానంగా తిప్పసాగాడు. కాసేపయ్యాక పక్కనున్న గంపలోంచి దోసెడు దొడ్డు ఉప్పు తీసి కాగు అంచు వెంట చల్లాడు. ఉప్పు పడనిదే రంగు నూలును గట్టిగా పట్టుకోదు.

కాశిబుగ్గలో చేనేత సంఘం వారి అద్దకం షెడ్డు అది. కప్పు మీది రేకులు ఆవిరికి తుప్పుపట్టి ఉంటాయి. నేల ఒకప్పుడు ఏ రంగులో ఉండేదో ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడు దాని మీద నీలం, పసుపు, ఎరుపు మరకలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. రాజమల్లు చేతులు మోచేతులదాకా అదే తీరులో ఉంటాయి. అతని గోళ్ల అంచులు చూసి ఆ వారం చుట్టుపక్కల మగ్గాల మీద ఏ రంగు షత్రంజీ తివాచీలు నేస్తున్నారో చెప్పవచ్చు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఎముకలు బలమైనవి, మాటలు తక్కువ. ఏటూరునాగారం అడవి టేకుతో తన పట్టుకు తగ్గట్టు చెక్కించుకున్న ఆ కర్ర, ముప్పై ఏళ్లుగా అన్ని రంగులూ తాగి, కింది సగం నల్లగా మెరుస్తోంది.

షెడ్డు గుమ్మానికి ఎవరో నిమ్మకాయ, మిరపకాయలు కట్టారు. రాజమల్లు వాటిని కట్టమనలేదు, తీసెయ్యమనీ అనలేదు. అవి పచ్చగా వేలాడిన రోజుల్లో రంగు చెడింది. ఎండి రాలిపోయిన రోజుల్లో బ్రహ్మాండంగా కుదిరింది. ఆ సంగతి గమనించి ఊరుకున్నాడు.

ఇప్పుడు అతను గమనిస్తున్నది మాత్రం ఊరుకోదగిన సంగతి కాదు. కిందటి వారం దవాఖానలో డాక్టరు అతని కళ్లలోకి దీపం వేసి చూసి, శుక్లం కమ్ముతోందనీ, ఇంకా ముదరలేదు కనుక ఆపరేషనుకు ఏడాదో రెండేళ్లో ఆగాలనీ చెప్పాడు. చేసే పనేమిటని అడిగి, ఒక్క క్షణం ఆలోచించి, "నీలం దగ్గర జాగ్రత్త" అన్నాడు. కంటిలోపలి కటకం వయసుతో పసుపుబారుతుంది. పసుపు గాజులోంచి లోకాన్ని చూసేవాడు మొదట పోగొట్టుకొనేది నీలాన్నే. అది అంత నెమ్మదిగా జరుగుతుంది కనుక పోగొట్టుకున్నవాడికే చివరగా తెలుస్తుంది.

రాజమల్లు నమ్మనూ లేదు, కొట్టివెయ్యనూ లేదు. పరీక్షించి చూడాలనుకున్నాడు. షెడ్డులో అది కుదరదు. ఏ డబ్బాలో ఏ రంగుందో, ఎంత వేస్తే ఎంత ముదురవుతుందో చేతులకు తెలుసు. కళ్లు తప్పినా చేతులు కప్పిపుచ్చుతాయి. ఎవరూ పేరు చెప్పని రంగు కావాలి. దాన్ని తాను చూసి, ఆ తర్వాత మంచి కళ్లున్న మనిషిచేత చెప్పించాలి. తొందరగా తేలాలి కూడా. రేపు నీలం అద్దకం. వీధి వీధంతా ఆ నూలు కోసం మగ్గాలు ఖాళీగా పెట్టుకొని చూస్తోంది. ఒక్క కాగు తప్పితే నెల రోజుల నేత పాడవుతుంది.

ఆ పరీక్షకు వస్తువును సమ్మమ్మే చూపించింది. అతని భార్య సమ్మమ్మ పెళ్లయిన నాటినుంచి ఇంట్లో రాట్నం ముందు కూర్చొని కండెలు చుడుతోంది. మిషను దవాఖాన ముంగిట్లో ఒకసారి చిన్న గులాబీలు చూసి వచ్చింది.

"పొద్దంత ఎర్ర కండె అంటే ఎర్రదే, పచ్చ కండె అంటే పచ్చదే," అంది ఆ రోజు. "ఒక్క పువ్వులనే రెండు రంగులు కలిసిపోయి ఉన్నయయ్యా. గసొంటియి మూడు తెచ్చి పెట్టరాదు? అరుగుకు, మురికినీళ్ల మోరీకి నడుమ ఉన్న జాగ సాలు."

కర్రను తోటి పనివాడు మొండయ్య చేతికిచ్చి, రాజమల్లు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"యాడికే అన్నా, పనిగాలంల?" అన్నాడు మొండయ్య.

"హన్మకొండకు. పూలచెట్లు తేవాలె."

"గీ వయసుల పూలా! వదినెకు మళ్ల పెండ్లి జేస్తానవా ఏంది?"

"చేస్తే నీకే మొదలు చెప్త. ఎరుపు దించేదాక కర్ర ఆపకు. నాదే వాడు, నీ కర్ర వంకరున్నది."

"కర్ర వంకర గాదు, పట్టినోని కన్ను వంకర," అని నవ్వబోయిన మొండయ్య మధ్యలో ఎందుకో ఆగి, పొయ్యి ఎగదోయడానికి వంగాడు.

నయీంనగర్ దాటాక రోడ్డు పక్కన తడికల కంచె వేసుకొని పౌలు నర్సరీ నడుపుతున్నాడు. మెడలో చిన్న సిలువ, నెరిసిన గడ్డం, విరామం ఎరుగని నోరు. ఎనభై ఒకటి డిసెంబరు చలికి గులాబీలు విరగబూసి ఉన్నాయి. మోకాలెత్తుకు మించని చెట్లు, బొటనవేలి గోరంత ఆకులు, పావలా బిళ్ళకన్నా కొంచెం పెద్దవైన పూలు.

"గీ చిన్న జాతికి అంటు గట్టరు రాజమల్లన్నా. కొమ్మ నాటితెనే వేరు పోస్తది. పైన ఎండినా మొదట్లకెళ్లి మళ్ల అదే పువ్వొస్తది, మోసముండది. ఇగో, గిది జూడు, గిది మంచి..."

"ఆగు. రంగు పేరు చెప్పొద్దు."

"గదేంది?"

"చెప్పొద్దంటే చెప్పొద్దు. ఏ రంగో నేనే చూసుకుంట."

"గులాబీలమ్మేటోన్ని రంగు జెప్పకంటె నోరు కుట్టుకొమ్మన్నట్టే గదనే!"

"కుట్టుకో. దారం నేనిస్త."

పౌలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, కళ్లతో మాత్రం మాట్లాడుతూ వెంట నడిచాడు.

రాజమల్లు తన పద్ధతిలోనే మొదలుపెట్టాడు. నేరుగా పడే ఎండలో అద్దకపువాడు ఏ రంగునూ ఖాయం చెయ్యడు; ఎండ అన్ని రంగులనూ పొగుడుతుంది. నచ్చిన కుండీలను ఒక్కొక్కటే ఎత్తి, మోటారు గది ఉత్తరపు గోడ నీడలో వరసగా పెట్టాడు. మొదట పువ్వు జోలికి పోలేదు. మొదలునుంచి ఎన్ని కొమ్మలు లేచాయో చూశాడు; ఒంటికొమ్మ చెట్లను పక్కకు నెట్టాడు. ఆకును తిరగేసి కిందివైపు వేలితో రుద్దాడు. ఎర్రని నుసి అంటితే నల్లిపురుగు పట్టినట్టు. ఇవన్నీ దాటినవాటి పూరేకును తడివేలితో నలిపి, పంచె అంచుకు అద్ది చూశాడు.

"పువ్వును ఉతుకుతానవా ఏందే!" పౌలు ఉండబట్టలేకపోయాడు.

"దిగుతాందా లేదా చూడొద్దా?" రాజమల్లు ఒక చెట్టును దగ్గరకు లాగాడు. దాని మొగ్గ పసుపు. నిన్న విచ్చిన పువ్వుకు నడుమ పసుపు, అంచులకు ఎరుపు. రాలడానికి సిద్ధంగా ఉన్నది ఒళ్లంతా ఎరుపే. "ఒక్క చెట్టుకు మూడు తీర్లున్నయి. గిది కచ్చా రంగు పౌలూ. నిలిచేది గాదు."

"కచ్చా గాదన్నా. ఎండ తాకినకొద్ది ఎరుపెక్కుతది. దేవుడేసిన రంగది."

"ఏసిండు గని, ఉప్పెయ్య మర్సిండు."

పౌలు పగలబడి నవ్వాడు. "ఆదివారం గుడికి పోయినప్పుడు ఆయనకు జెప్త. కాశిబుగ్గల రాజమల్లు నీ పనికి వంక పెట్టిండని."

వంక పెట్టాడే కాని రాజమల్లు ఆ కుండీని వదల్లేదు. మొగ్గలోని పసుపు వెలిసిపోతూ ఉంటే, వెలుతురు తగిలిన అంచుల్లో ఎరుపు కొత్తగా పుడుతోంది. ఒకటి దిగుతోంది, ఇంకొకటి ఎక్కుతోంది, రెండూ కలిసేచోట గీత లేదు. ముప్పై ఏళ్లలో అతను ఒకే కాగులో రెండు రంగులు అద్దలేకపోయాడు. ఇది అద్దకపు తప్పు కాదు, వేరే రకం అద్దకం అని ఒప్పుకోవలసి వచ్చింది. ఒప్పుకోవడం అతనికి కష్టమేమీ కాలేదు. 'పసుపు, అంచుకు ఎరుపు' అని మనసులో ఖాయం చేసుకొని కుండీని పక్కన పెట్టాడు.

రెండోది తెలుపు, అంచుకు లేత గులాబి. అదీ త్వరగానే తేలింది. మూడోదాని కోసం వరసలన్నీ రెండుసార్లు తిరిగాడు. చివరకు తడిక పక్కన, మిగతావాటికి దూరంగా, ఒక చెట్టు కనిపించింది. మొదట్లోంచి గుబురుగా లేచిన కొమ్మలు, శుభ్రమైన ఆకు. పువ్వును నీడలోకి వంచి చాలాసేపు చూశాడు. పాలు తక్కువ పోసిన కాఫీ రంగు, అంచులో బూడిద. ఇటువంటి రంగు నూలు మీద పట్టించాలంటే రెండు కాగులు మార్చాలి. ఇంత అరుదైనదాన్ని ఏరగలిగినందుకు తన కంటి మీద అతనికి గట్టి గురి కుదిరింది.

పౌలు ముఖం వెలిగింది. ఏదో అనబోయి, గుర్తొచ్చి, పెదవులు బిగించాడు. గంపలో మూడు కుండీలనూ సర్ది, గడ్డి కుక్కి, చేతికందిస్తూ మాత్రం ఆగలేక, "పెండ ఎరువు, జర వేపపిండి ఎయ్యి. మోరీ నీళ్లు మాత్రం పొయ్యకే, నీకు పుణ్యముంటది," అన్నాడు.

రాజమల్లు ఇల్లు చేరేసరికి పొద్దు కొద్దిగా వాలింది. అరుగుకూ మోరీకీ మధ్య మూరెడు వెడల్పు నేల. మట్టి తవ్వి, గడ్డలు చిదిపి, ఎరువు కలిపి, వేర్లు కదలకుండా చుట్టూ మట్టి అదిమాడు. రంగు చేతులు మట్టిలో మునిగి లేచేసరికి మొదటిసారి మామూలు చేతుల్లా కనిపించాయి. సమ్మమ్మ రాట్నం వదిలి వచ్చి అరుగు మీద కూర్చుంది.

"ఏ పువ్వు ఏ రంగో ఒక్కొక్కటి చెప్పు," అన్నాడు నీళ్లు పోస్తూ.

"ఏం, నీకు కండ్లు లేవా?"

"ఉన్నయి. నీయి ఎట్లున్నయో చూస్తాన. చెప్పు."

"గిదేమో నడుమ పసుపు, అంచుకు ఎరుపు."

రాజమల్లు తల ఊపాడు.

"గిది తెల్లది. అంచుకు జరంత గులాబి పూసినట్టున్నది."

మళ్లీ తల ఊపాడు. చెంబు కింద పెట్టాడు.

సమ్మమ్మ మూడో చెట్టు మీదికి వంగి, పువ్వును రెండు వేళ్లతో పట్టుకొని, ఊపిరి పీల్చుకుంది. "అబ్బ! గిదెక్కడ దొరికిందయ్యా నీకు? వంకాయ పువ్వు రంగు! అంచుల నీలం, తెలుపు కలిసి పొగలెక్క ఉన్నది."

"కాఫీ రంగు గాదా?"

"కాఫీ రంగు పువ్వును ఎవడన్న ఇంట్ల పెట్టుకుంటడా? ఎగతాళి చేస్తానవా?" ఆమె నవ్వింది. ఆ పువ్వును వదలలేదు. "మూడిట్ల నాకు గిదే నచ్చింది. మస్తు ఏరినవ్."

అతను మరోసారి వంగి చూశాడు. కాఫీ, బూడిద. ఎంత చూసినా అవే. అవతల సమ్మమ్మ వేళ్ల మధ్య అదే పువ్వు మరో రంగులో ఉంది. దాన్ని ఇక ఆమె ముఖంలోనే చూడాలి. అక్కడ బాగానే ఉంది.

ఫలితాన్ని బతిమాలే అలవాటు రాజమల్లుకు లేదు. మూడింట్లో రెండు ఒప్పయ్యాయి కదా అని తృప్తిపడవచ్చు. కాని ఒప్పయిన రెండింట్లో నీలం లేదు. నీలం ఉన్న ఒక్కటీ తప్పింది. రేపు కాగులో ఉండేది నీలమే. చేతులు కడుక్కొని తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"మళ్ల యాడికి?"

"షెడ్డుకు. ఒక్క మాట చెప్పొస్త."

మొండయ్య ఆఖరి చిలపలను పిండి దండేనికి ఎక్కిస్తున్నాడు. పొయ్యిలో నిప్పు చల్లారుతోంది.

"తమ్మీ, రేపటి నీలం నువ్వే దించాలె," అన్నాడు రాజమల్లు.

"నువ్వు రావా?"

"రాను. నాకు నీలం కనబడ్తలేదు."

మొండయ్య చేతిలోని చిలపను మళ్లీ పిండాడు. దాన్లో పిండడానికి నీళ్లేమీ మిగల్లేదు. "ఎరుకేనే అన్నా."

"ఎప్పటి సంది?"

"దసరా ముందటి సంది. నీలమప్పుడు నువ్వు చిలపను జూడవు, నా మొఖం జూస్తవు. నేను తలాడిస్తె ఎత్తుతవు."

రాజమల్లుకు ఆ సంగతి తెలియదు. తన గురించి తనకు తెలియనిది ఒకటి పక్క కాగు దగ్గర ఇన్నాళ్లూ నిలబడి ఉంది. "మరి చెప్పకపోతివి?"

"రంగు సంగతి నీకు చెప్పెటంతటోన్నానే నేను?"

రాజమల్లు నవ్వాడు. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు అది. రేకుల కప్పు కింద పెద్దగానే వినిపించింది.

"పోనీ ఎరుపు, పసుపులకన్న ఉండరాదే," అన్నాడు మొండయ్య.

"ఎరుపుల నీలం చుక్క పడ్తె నాకు తెల్వది. సగం కండ్లతోటి కాగు కాడ నిలబడొద్దు. సంఘపోళ్లకు రేపు నేనే చెప్త, నువ్వు నోరు మెదపకు. కన్ను ముదిరినంక కోస్తరంట. అప్పుడొచ్చి నీ నీలం ఎట్లున్నదో చూస్త. బాగలేకుంటె మాత్రం నలుగుట్ల ఇజ్జత్ తీస్త."

"రా. చూసినంక మాట్లాడు."

రాజమల్లు మేకుకు తగిలించిన సద్దిగిన్నె తీసుకున్నాడు. గడప దగ్గరికి వచ్చేసరికి మొండయ్య వెనకనుంచి పిలిచాడు.

"కర్ర మర్సిపోతానవ్."

"ఉండనియ్యి. ఇంట్ల గులాబీలు మోకాలెత్తు గూడ లేవు. వాటికి కర్రెందుకు?"

అతను వెనక్కి చూడకుండా, మామూలు నడకతోనే వీధి మలుపు తిరిగాడు. మొండయ్య నిప్పు మీద నీళ్లు చల్లి, తలుపు దగ్గరకు లాగి వెళ్లిపోయాడు. ఖాళీ కాగు పక్కన, గోడకు ఆనించిన టేకు కర్ర కొసనుంచి, పొద్దుటి ఎరుపు ఒక్కో చుక్కా జారి, నేల మీది తడిసిన పాత నీలపు మరకలో కలుస్తూ ఉంది.