బరువని తీసేసిన చక్కెర దిమ్మ

అట్లస్ కొండల కనుమను కాలినడకన దాటడానికి సంచులు తేలికగా ఉండాలని యూబా టూత్‌బ్రష్ పిడి కూడా కోసేశాడు. తిండికి ఖర్జూరాలు, వేయించిన బార్లీ పిండి చాలన్నాడు. స్నేహితుడు హమ్ము సంచిలో పెద్ద చక్కెర దిమ్మ కనిపించింది. "టీ పిచ్చోడు!" అనుకుని, చెప్పకుండా తీసి కారులోనే వదిలేశాడు.

కనుమ అవతలి ఊళ్ళో హమ్ము ఒక గుమ్మం ముందు ఆగాడు. ఇంటి పెద్దాయన బయటికొచ్చాడు. "పిల్లనడగడానికొచ్చాను మామా," అంటూ సంచిలో చెయ్యి పెట్టాడు. ఎంత వెతికినా దిమ్మ దొరకలేదు.

"చక్కెర లేకుండా పిల్లనడుగుతావట్రా?" పెద్దాయన ముఖం నల్లబడింది.

యూబా తల దించుకున్నాడు. "తప్పు వాడిది కాదు పెద్దయ్యా. బరువని నేనే తీసేశాను."

"రేపు పిల్ల కూడా బరువంటావేమో!"

లోపల ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు. హమ్ము నవ్వలేదు. యూబా చక్కెర కోసం, అప్పుడే దిగొచ్చిన కనుమను మళ్ళీ ఎక్కసాగాడు.