ముందుగదిలో ఆఫీసు

బుచ్చిబాబుగారి లెక్కలో ఉద్యోగమంటే గడప దాటి వెళ్ళవలసినది. విశ్వవిద్యాలయం పరీక్షల విభాగంలో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసేదాకా, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తార్నాక నుంచి క్యాంపస్ చెట్ల నీడన నడిచి వెళ్ళేవారు. సాయంత్రం అదే దారిన తిరిగి వచ్చేవారు. ఆఫీసు ఏనాడూ ఆయన వెంట ఇంటికి రాలేదు. అందువల్ల కోడలు హరిచందన ముందుగదిలో కంప్యూటరు ముందు, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, బల్ల కింద పెడల్ నొక్కుతూ కూర్చుంటే అదొక ఉద్యోగమన్న నమ్మకం ఆయనకు కుదరలేదు.

"కుట్టుమిషన్ తొక్కుతున్నట్టే ఉంది. బట్ట మాత్రం కనబడదు," అన్నారు భార్య సుబ్బలక్ష్మితో.

అమెరికా డాక్టర్లు తమ రోగుల సంగతులు చెప్పి రికార్డు చేసి పంపుతారు. వాటిని విని, తప్పు లేకుండా టైపు చేసి పంపడం ఆమె పని. పెడల్ నొక్కితే మాట సాగుతుంది, వదిలితే ఆగుతుంది. ఆఫీసు అమీర్‌పేటలో. తెలంగాణ ఉద్యమం ఉధృతమైన ఆ చలికాలంలో ఏ రోజు బస్సు తిరుగుతుందో, ఏ రోజు ఆగుతుందో ఎవరికీ తెలియదు. ఒక బంద్ నాడు ఆమె అక్కడి నుంచి కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరింది. మర్నాడే ఇంటి నుంచి పని చేస్తానని అడిగింది. అంతవరకు ఎవరికీ ఇవ్వని అనుమతి అది. కంపెనీ ఒక నెల చూస్తామంది. పని సవ్యంగా సాగకపోతే బంద్ అయినా, బస్సు లేకపోయినా ఆఫీసుకు రావాలి, లేదా మానుకోవాలి.

మొదట్లో ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. బస్సులో నిలబడే బాధ లేదు, దుమ్ము లేదు, మధ్యాహ్నం పొగలు కక్కే అన్నం. తరువాత తెలిసింది, ఇంట్లో ఉన్న మనిషి అందరి మనిషని. గ్యాసు బండ వస్తే ఆమె లేవాలి. పక్కింటివారు తాళంచెవి ఇచ్చి పోతారు. చిక్కుడుకాయల పళ్ళెం బల్ల మీదికే వచ్చేది. "ఇంట్లోనే ఉన్నావుగా" అన్న మాటకు ఎదురు లేదు.

నెల ముగియవచ్చిన రోజున ఇంటి ఫోను మోగింది. బుచ్చిబాబుగారు ఎత్తారు. ఆమె పై అధికారి రాజేష్.

"హరిచందనగారు ఉన్నారా సార్? సెల్ ఎత్తడం లేదు."

"ఎక్కడికి పోతుందండీ? మా అమ్మాయి గడప దాటదు. వాళ్ళ అత్తగారితో కలిసి చిక్కుడుకాయలు వలుస్తోంది. ఖాళీగానే ఉంది, పిలుస్తాను!" అన్నారు ఆయన నిండు మర్యాదతో. కోడలి యోగ్యత చెప్పానని లోలోపల సంతోషించారు కూడా.

ఆ మాటలో తప్పేముందో ఆయనకు తెలియలేదు గాని, రాజేష్‌కు మాత్రం బాగా అర్థమైంది. హరిచందన వచ్చి ఫోను అందుకుని, పెట్టేసేసరికి ముఖం పాలిపోయి ఉంది.

"ఏమైందమ్మా?"

"ఈ రోజు ఫైళ్ళన్నీ నాలుగింటికల్లా తప్పు లేకుండా వెళ్ళాలట మామయ్యగారూ. లేకపోతే సోమవారం నుంచి ఆఫీసుకు రమ్మన్నారు. కాయలు వలిచే ఉద్యోగానికి జీతం ఇవ్వలేరట."

ఆమె ఎవరినీ ఏమీ అనకుండా వెళ్ళి కూర్చుంది. ఆ అనకపోవడమే ఆయనను కాల్చింది. తన ఆఫీసు రోజుల్లో ఎవరైనా "సూపరింటెండెంటు ఖాళీగా ఉన్నాడు" అని ఉంటే? ఆయన లేచి, మడతకుర్చీ తెచ్చి ముందుగది తలుపు ముందు వేసుకుని కూర్చున్నారు.

సుబ్బలక్ష్మి కాఫీ గ్లాసుతో వచ్చింది. "అమ్మాయిని ఒకసారి పోపు చూడమనండి."

"లోపల ఆఫీసు నడుస్తోంది. పోపు నువ్వు చూడు."

"ఆఁ! సూపరింటెండెంటుగా చేసి చేసి చివరికి బంట్రోతు అయ్యారన్నమాట," అని ఆవిడ నవ్వుకుంటూ వెళ్ళింది.

మూడు దాటాక క్యాంపస్ వైపు నుంచి ఢాం ఢాం మని చప్పుళ్ళు. బాష్పవాయువు ఘాటు సందులోకి పాకింది. ఆయన గబగబా ముందుగది కిటికీలు మూశారు. హరిచందన కళ్ళ నీళ్ళు కారుతున్నా చెవులతో వింటూ టైపు చేస్తూనే ఉంది. అంతలో గేటు తోసుకుని ముగ్గురు విద్యార్థులు పరుగున వచ్చారు. కళ్ళు చింతనిప్పులు.

"తాతా, జర నీళ్ళియ్యవా? కళ్ళు మండుతున్నయ్!"

సుబ్బలక్ష్మి బిందె తెచ్చి, గిన్నెతో నీళ్ళు పోసింది. బుచ్చిబాబుగారు వేలు పెదవుల మీద పెట్టి, "మెల్లగా! లోపల ఆఫీసు," అన్నారు.

ముందున్న ఎంకన్న అనే అబ్బాయి తడి ముఖంతో తొంగి చూశాడు. "గిదేం ఆఫీసు తాతా? ఇల్లు లెక్కనే ఉన్నది గద."

"ఇల్లే. మాట్లాడకు."

"మీది ఏ ఊరు?"

"తెనాలి."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయనే మళ్ళీ అన్నారు, "మీ హాల్‌టికెట్లు అన్నీ ఒకప్పుడు నా సెక్షన్ నుంచే వచ్చేవి."

"అట్లనా! మా అన్న సప్లిమెంటరీలన్నీ నీ పుణ్యమేనన్నట్టు," అన్నాడు ఎంకన్న. నవ్వబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, లోపల ఆఫీసు గనుక. చప్పుళ్ళు తగ్గేవరకు ముగ్గురూ అరుగు మీద సైగలతోనే మాట్లాడుకున్నారు. వెళ్ళేటప్పుడు గేటు కూడా చప్పుడు కానీయలేదు.

నాలుగు కొట్టకముందే పెడల్ చప్పుడు ఆగింది. అరగంటకు ఫోను మోగింది. బుచ్చిబాబుగారు గొంతు సవరించుకున్నారు.

"హరిచందనగారు ఆఫీసులో ఉన్నారు. తమరెవరో చెబితే కనుక్కుంటాను."

రాజేష్ నవ్వినట్టు వినిపించింది. ఫైళ్ళలో తప్పు లేదట, ఇంటి నుంచే పని కొనసాగించవచ్చునట. హరిచందన ఫోను అందుకుని కృతజ్ఞతలు చెప్పి, "బస్సులు తిరిగిన రోజుల్లో మాత్రం వారానికి రెండు రోజులు ఆఫీసుకు వస్తాను సార్," అంది.

ఆయనకు మనసు చివుక్కుమంది. "ఇక్కడేం తక్కువైందమ్మా? కాపలా కూడా పెట్టాను."

"తక్కువేం లేదు మామయ్యగారూ. అక్కడైతే పని కాగానే ఆఫీసు మెట్లు దిగి వచ్చేస్తాను. ఇక్కడ కుర్చీలోంచి లేస్తే వంటిల్లే. పని అయిపోయిందని ఒంటికి తెలియడం లేదు."

బుచ్చిబాబుగారికి సాయంత్రపు చెట్ల నీడన ఇంటికి నడిచి వచ్చిన దారి కళ్ళలో మెదిలింది. ఆ దారిలోనే కదా ఫైళ్ళన్నీ ఒక్కొక్కటిగా బుర్రలోంచి జారిపోయేవి! కోడలికి అటువంటి దారి లేదు.

"చెప్పులు వేసుకో," అన్నారు.

క్యాంపస్ గేటు దగ్గర పోలీసులు. అందుచేత సందు చివరిదాకానే నడిచారు. ఘాటు ఇంకా గాలిలో ఉంది. ఆమె ఆ రోజు విన్న గొంతులను గురించి చెప్పింది. నమిలి మింగినట్టు మాట్లాడే ఒక డాక్టరు పేరు చెప్పి విసుక్కుంది. ఆయన తన పాత రిజిస్ట్రారును తలుచుకుని తానూ విసుక్కున్నారు. ఇద్దరూ మెల్లగా వెనక్కి తిరిగారు.

గుమ్మంలో సుబ్బలక్ష్మి నిలబడి ఉంది. ముందుగది తలుపు దగ్గరగా వేసి ఉంది.

"వచ్చావా అమ్మా? కాళ్ళు కడుక్కో, కాఫీ కలుపుతాను," అంది, ఎక్కడి నుంచో అలసి వచ్చిన మనిషితో అన్నట్టే.