రెబెక్కమ్మ సెంటుబుడ్డి

సూళ్లూరుపేట రెబెక్కమ్మ తన చావుకని సెంటుబుడ్డి కొని దాచుకున్న మనిషి. వాళ్ల సంఘంలో శవపెట్టె మూసే ముందు పోయినవాళ్ల మీద సెంటు చల్లడం ఆనవాయితీ. ఆమె భర్త దావీదు వరదలప్పుడు జబ్బుచేసి పోయాడు. రైళ్లు ఆగిపోయి, ఆ రోజు ఊళ్లో ఒక్క చుక్క సెంటు దొరకలేదు. ఆ వెలితి ఆమెను పీడిస్తూనే ఉంది. తనకు అట్లా జరగకూడదని మరుసటి ఏడు మద్రాసు వెళ్లి మల్లెపూల సెంటు తెచ్చుకుని, ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతల్లో పెట్టింది. కోడలు సామ్రాజ్యం ఆ పెట్టె దాపుకు వస్తే చాలు, కళ్లురిమేది.

పందొమ్మిది వందల అరవై ఒకటిలో టైఫాయిడ్ వచ్చి రెబెక్కమ్మ రెండు నెలలు మంచం పట్టింది. వీపంతా పుండ్లు. అయినా చూడవచ్చిన వాళ్ల దగ్గర గొప్పలు మానలేదు.

"మల్లెపూల వాసన తెలస్తా ఉందా? దేవదూతలు వచ్చి పోతుండారు."

వాసన వచ్చిన మాట నిజమే. వాళ్లు కళ్లు తుడుచుకుని, ప్రార్థన చేసి వెళ్లేవాళ్లు. ఇక పోతుందనుకున్న మనిషి లేచి కూర్చుంది.

ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టారు. దేవదూతల సాక్ష్యం వినడానికి సంఘమంతా చాపల మీద సర్దుకుంది. లోపల పట్టుచీర కోసం పెట్టె తీసిన రెబెక్కమ్మ చేతికి ఖాళీ బుడ్డి తగిలింది.

"ఏందే ఇది? నా సెంటంతా ఏం చేసినావే?"

సామ్రాజ్యం తలుపు దగ్గరకు వేసింది. "పుండ్లు వాసనొస్తా ఉండె అత్తా. వచ్చినోళ్లు ముక్కు మూసుకుంటే మీరు చూసి కుంగిపోతారని, ముందుగా దుప్పటి మీద రెండు చుక్కలు వేసేదాన్ని."

"మరి నేను దేవదూతలని ఊరంతా చెప్తుంటే నోరెత్తలేదే?"

"ఆ మాట చెప్పేటప్పుడే కదత్తా, మీ మొహంలో కళ వచ్చేది."

రెబెక్కమ్మ కోడలి చేతుల వంక చూసింది. ఒళ్లు తెలియని రోజుల్లో తన పక్కబట్టలు ఉతికిన చేతులవి, పుండ్లు కడిగిన చేతులవి. వాటినా తాను ఇన్నేళ్లూ పెట్టె మీద పడనివ్వనిది! సిగ్గేసింది. సిగ్గును మించి కడుపు నిండినట్లయింది.

బయట పాట ముగిసింది. "అమ్మా, సాక్ష్యం చెప్పండి" అన్నారు పాస్టరు జీవానందం గారు.

రెబెక్కమ్మ ఖాళీ బుడ్డి పట్టుకుని వచ్చి నిలబడి, జరిగింది ఉన్నదున్నట్లు చెప్పేసింది.

"దేవదూత వచ్చిన మాట మాత్రం అబద్ధం కాదు. మీరంతా చూసినారు, అడిగి మంచినీళ్లు కూడా తాగినారు. అదిగో, వాకిలి కాడ నిలబడుండాది."

పాస్టరు గారు ఖాళీ బుడ్డి వైపు చూశారు. "మీకు ఇంకో బుడ్డి తెప్పిద్దామమ్మా."

"వద్దయ్యగారూ. చచ్చినాక నాకు వాసన తెలస్తాదా? నాది నేను బతికుండంగానే పీల్చుకున్నా."

అంటూనే వాకిలి దగ్గరకు నడిచి, కోడలి చేతులు లాక్కుని ముఖానికి ఆనించుకుంది. కూడిక భోజనాలకు తరిగిన ఉల్లిపాయల వాసన. రెబెక్కమ్మ గుండెనిండా పీల్చుకుంది.